రోజూ చదువుతున్నా నర్సింగ్ పుస్తకం తరగడం లేదు

ప్రశ్న: నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెడికల్ సర్జికల్ నర్సింగ్, ఫార్మకాలజీ, పాథాలజీ కలిపి వారానికి 140 పేజీల దాకా చదవాల్సి వస్తోంది. పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసులు. సాయంత్రం పుస్తకం ముందు కూర్చుంటే గంటకు పది పేజీలు కదలడమే కష్టం. మొదటి లైను నుంచి ఏదీ వదలకుండా చదువుతాను, ముఖ్యమనిపించినవన్నీ రంగు పెన్నుతో గీస్తాను, నోట్సూ రాస్తాను. మర్నాడు ఎవరైనా అడిగితే మాత్రం నోరు పెగలదు. ఇప్పటికే నాలుగు చాప్టర్లు వెనకబడ్డాను. వేగంగా చదవడం నేర్చుకుంటే గట్టెక్కుతానా?

సమాధానం: వేగం పెంచుకున్నంత మాత్రాన మీ ఇబ్బంది తీరదు. కథల పుస్తకం చదివినట్టు మెడికల్ సర్జికల్ పుస్తకం చదవడం ఎవరివల్లా కాదు. ఒక్కో వాక్యంలో ఒక కొత్త పదం, ఒక అంకె, ఒక కారణం ఉంటాయి. ఆ పుస్తకాలకు గంటకు పది పేజీలు మరీ నెమ్మదేమీ కాదు. చిక్కంతా రెండు చోట్ల ఉంది. అన్ని పేజీలకూ ఒకే శ్రద్ధ పెడుతున్నారు. చదివినదాన్ని పుస్తకం మూసి సొంతంగా చెప్పుకుని చూడడం లేదు.

ముందు లెక్క వేద్దాం. 140 పేజీలు, పేజీకి 6 నిమిషాలు, మొత్తం 14 గంటలు. వారంలో ఆరు సాయంత్రాలు రెండేసి గంటలు కూర్చున్నా మీ చేతిలో ఉండేవి 12 గంటలే. నోట్సూ రివిజనూ లెక్కలోకి రాకముందే రెండు గంటల లోటు. ఎంత పట్టుదలగా కూర్చున్నా ఈ లోటు పూడదు కాబట్టి వారం వారం వెనకబడడం ఖాయం. దీన్ని బద్ధకం ఖాతాలో వేసుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

పేజీలను మూడు రకాలుగా విడగొట్టండి. 60 పేజీలు నిదానంగా, పేజీకి 6 నిమిషాల చొప్పున: 6 గంటలు. 50 పేజీలు పైపైన, పేజీకి 2 నిమిషాలు: గంటా 40 నిమిషాలు. మిగతా 30 పేజీలు ఏ విషయం ఎక్కడ ఉందో తెలిస్తే చాలు, అవసరమైనప్పుడు తెరవవచ్చు. మొత్తం 7 గంటల 40 నిమిషాలు. మీ 12 గంటల్లో ఇంకా 4 గంటల 20 నిమిషాలు మిగిలాయి. ఆ మిగిలిన సమయంలోనే అసలు చదువు సాగుతుంది, ఎలాగో కింద చెబుతాం. ఈ అంకెలు మీకు సరిపోతాయో లేదో ఒకసారి పది పేజీలు గడియారం పెట్టుకుని చదివి సరిచూసుకోండి. ఫిజియాలజీ పేజీకి పది నిమిషాలు పట్టవచ్చు, ఫండమెంటల్స్ పేజీ మూడు నిమిషాల్లో అయిపోవచ్చు.

ఏ పేజీ ఏ రకమో పుస్తకం తెరవగానే తెలిసిపోతుంది. నిదానంగా చదవాల్సినవి: తరచుగా కనిపించే జబ్బుల్లో శరీరం లోపల ఏం జరుగుతుందో చెప్పే భాగం, నర్సింగ్ మేనేజ్‌మెంట్, కాంప్లికేషన్లు, మందుల జాగ్రత్తలు. పైపైన చూడాల్సినవి: ఎంతమందికి ఆ జబ్బు వస్తుందన్న లెక్కలు, వర్గీకరణ పట్టికలు, పరీక్ష యంత్రం ఎలా పనిచేస్తుందన్న వివరణ. సర్జరీ ఎలా చేస్తారన్నదీ ఇందులోకే వస్తుంది. కోత ఎక్కడ పెడతారో స్థూలంగా తెలిస్తే సరిపోతుంది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చేసే సంరక్షణ మాత్రం అక్షరం వదలకూడదు, అదే మీ పని. అరుదైన జబ్బులు, చరిత్ర, పరిశోధన గురించిన బాక్సులు మూడో రకం. సందేహం వస్తే సిలబస్‌లో ఆ యూనిట్‌కు ఎన్ని గంటలు కేటాయించారో చూడండి. చాప్టర్ మొదట్లో ఉండే లక్ష్యాలు కూడా దారి చూపుతాయి. "వివరించాలి", "పోల్చాలి" అని ఉన్నచోట లోతుగా, "పేర్కొనాలి" అని ఉన్నచోట పైపైన.

వదిలేయడానికి వీల్లేని చాప్టర్లు కొన్ని ఉంటాయి. ఫ్లూయిడ్స్, ఎలక్ట్రోలైట్స్ (రక్తంలోని సోడియం, పొటాషియం లాంటి లవణాలు), యాసిడ్ బేస్ బ్యాలెన్స్, షాక్, ఇన్ఫ్లమేషన్. ఇవి గట్టిగా రాకపోతే తర్వాత వచ్చే కిడ్నీ, గుండె, షుగర్, కాలిన గాయాల చాప్టర్లలో ప్రతి పేజీకీ ఆగాల్సి వస్తుంది. చాలామంది "కిడ్నీ పాఠం అర్థం కావడం లేదు" అంటారు. నిజానికి అర్థం కానిది పొటాషియం. అక్కడ ఒక వారం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఇక చాప్టర్‌లోకి వెళ్లే పద్ధతి. క్లాసుకు ముందురోజు 15 నిమిషాలు చాలు, అంతకుమించి వద్దు. చివరి పేజీలోని ప్రశ్నలు ముందు చదవండి. జవాబులు రావు, రానక్కర్లేదు. ఏం వెతకాలో తెలుస్తుంది, అంతే. తర్వాత శీర్షికలు, బొమ్మలు, వాటి కింది వాక్యాలు, హెచ్చరిక బాక్సులు. కొత్త పదాలు ఓ పది పక్కన రాసుకోండి. క్లాసులో పాఠం వింటున్నప్పుడు అవి ఎక్కడో విన్నట్టు ఉంటాయి. లోతుగా చదవడం క్లాసు అయ్యాక, వీలైతే అదే రోజు సాయంత్రం. చాలామంది క్లాసుకు ముందే మొత్తం చదవాలని కూర్చుని, సగంలో ఆగి, ఆ నిరాశలో క్లాసు తర్వాత పుస్తకం తెరవనే తెరవరు.

చదువుతున్నప్పుడు తలలో ఐదు ప్రశ్నలు ఉంచుకోండి. లోపల ఏం చెడింది? పేషెంటులో నాకేం కనిపిస్తుంది? ఏ పరీక్ష, ఏ అంకె చూడాలి? నేనేం చేయాలి, ఎందుకు? ఎప్పుడు వెంటనే డాక్టర్‌ను పిలవాలి? ఒక్కో జబ్బుకు ఒక కాగితం, ఒక వైపు మాత్రమే, ఐదు గళ్లు. నోట్సంటే ఇంతే. పుస్తకంలోని వాక్యాలు మళ్లీ రాస్తే పుస్తకం రెండోసారి అచ్చు వేసినట్టే అవుతుంది.

హార్ట్ ఫెయిల్యూర్ చాప్టరే తీసుకోండి. ఇరవై పాతిక పేజీలు ఉంటుంది. మొదటి గడిలో: ఎడమ వైపు గుండె సరిగ్గా పంపు చేయకపోతే రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, కుడి వైపు చేయకపోతే శరీరంలో నిలుస్తుంది. ఈ ఒక్క వాక్యం నుంచి రెండో గడి దానంతట అదే వస్తుంది. ఊపిరితిత్తుల్లో నిలిస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, స్టెతస్కోపులో క్రాకిల్స్ అనే చిటపట శబ్దాలు, తీవ్రమైతే గులాబీ రంగు నురగ కళ్లె. శరీరంలో నిలిస్తే కాళ్ల వాపు, మెడ సిరలు ఉబ్బడం, కాలేయం పెరగడం, పొట్టలో నీరు. ఇవి బట్టీ పట్టాల్సిన ఎనిమిది లక్షణాలు కావు, ఒకే కారణానికి రెండు పర్యవసానాలు.

నాలుగో గడిలో "ఎందుకు" అన్న మాట తప్పకుండా ఉండాలి. ఫౌలర్స్ పొజిషన్‌లో, అంటే పడక తల వైపు ఎత్తి కూర్చోబెడతాం. ఎందుకంటే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, డయాఫ్రమ్ కిందికి దిగి ఊపిరితిత్తులకు చోటు దొరుకుతుంది. రోజూ బరువు చూస్తాం. ఎందుకంటే ఒక కిలో పెరిగిందంటే దాదాపు ఒక లీటరు నీరు నిలిచినట్టు, కాళ్ల వాపు కంటికి కనిపించేలోపే త్రాసు చెబుతుంది. అదే త్రాసు, అదే వేళ, పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, దాదాపు అవే బట్టలు. ఈ వివరాలు పుస్తకంలో ఒక మూల చిన్న వాక్యంగా ఉంటాయి, వాటిని రంగు పెన్ను దాటుకుంటూ పోతుంది. ఐదో గడిలో: ఒక రోజులో కిలోకు మించి, వారంలో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే తెలియజేయాలి. పడుకోగలిగే మనిషి ఈ రోజు కూర్చునే నిద్రపోతానంటే, తెలియజేయాలి.

ఈ కాగితం రాయడానికి ముప్పావు గంట పడుతుంది. మొదటి రెండు వారాలు గంట దాటినా భయపడకండి. కానీ రాసేటప్పుడు పుస్తకం మూసి ఉండాలి, ఇది గట్టి షరతు. నాలుగైదు పేజీలు చదవడం, మూయడం, గుర్తున్నంత రాయడం, ఆ తర్వాత తెరిచి వేరే రంగుతో సరిదిద్దడం. ఆ రెండో రంగులో ఉన్నదే మీకు రానిది, రేపు చదవాల్సింది అదే.

పుస్తకం మూయాలని ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమవుతుంది. ఆ పరిచయం చూసి వచ్చేసిందనుకుంటాం. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు ఒకే పాఠాన్ని రెండు విధాలుగా చదివారు. కొందరు తిరిగి చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే తిరిగి చదివినవారిదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవారిది పైచేయి. రాత్రి అంతా వచ్చినట్టుండి మర్నాడు నోరు పెగలకపోవడానికి కారణం ఇదే. 2013లో డన్‌లోస్కీ బృందం పది చదువు పద్ధతులను పరిశీలించి, గీతలు గీయడం, తిరిగి చదవడం తక్కువ ప్రయోజనమని, తనను తాను పరీక్షించుకోవడం, రోజుల ఎడంతో చదవడం ఎక్కువ ప్రయోజనమని తేల్చింది. రంగు పెన్ను పారేయమని కాదు. పేరా మొత్తం చదివాక మాత్రమే మూత తీయండి, పేరాకు ఒక్క లైను మించకుండా. చదువుతూ గీస్తే అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి.

రాసిన కాగితాన్ని మర్నాడు ఐదు నిమిషాలు, మూడో రోజు ఐదు నిమిషాలు, వారం తర్వాత మరోసారి, నెల తర్వాత మరోసారి చూడాలి. చూడడమంటే చదవడం కాదు. గళ్ల పేర్లు మాత్రం కనిపించేలా మడిచి, లోపల ఏముందో నోటితో చెప్పడం. పైన మిగిలిందన్న 4 గంటల 20 నిమిషాలు కాగితాలు రాయడానికీ ఇలా చెప్పుకోవడానికీ పోతాయి. ఏ వారమైనా సమయం చాలకపోతే కొత్త పేజీలు తగ్గించండి గానీ దీన్ని కోయకండి.

ఫిజియాలజీకి ఈ ఐదు గళ్లు సరిపోవు, అక్కడ బాణాల బొమ్మ కావాలి. ఒక్కటి చూపిస్తాం. రక్తపోటు పడిపోతే కిడ్నీ రెనిన్ వదులుతుంది. కాలేయం నుంచి వచ్చే యాంజియోటెన్సినోజెన్‌ను రెనిన్ యాంజియోటెన్సిన్ 1గా మారుస్తుంది. ప్రధానంగా ఊపిరితిత్తుల్లో ఉండే ఏసీఈ ఎంజైమ్ దాన్ని యాంజియోటెన్సిన్ 2 చేస్తుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్‌ను రప్పిస్తుంది. ఆల్డోస్టిరోన్ సోడియంనూ నీటినీ నిలుపుతుంది, పొటాషియంను బయటికి పంపుతుంది. ఖాళీ కాగితం మీద ఈ బొమ్మ చూడకుండా మూడుసార్లు గీయగలిగితే బీపీ, హార్ట్ ఫెయిల్యూర్, కిడ్నీ చాప్టర్లలో సగం బరువు దిగుతుంది. ఏసీఈని ఆపే ఎనలాప్రిల్ మందు ఇస్తే పొటాషియం ఎందుకు పెరగవచ్చో వేరే చదవక్కర్లేదు. ఆల్డోస్టిరోన్ తగ్గింది, పొటాషియం బయటికి పోవడం తగ్గింది. ఈ మందుతో వచ్చే పొడి దగ్గు ఎందుకన్నది మాత్రం ఈ బొమ్మలో దొరకదు, పక్కన రాసుకోవాలి. అదే ఎంజైమ్ బ్రాడీకైనిన్‌ను కూడా విరుస్తుంది, ఎంజైమ్‌ను ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుని దగ్గు వస్తుంది.

ఫార్మకాలజీలో మందులు ఒక్కొక్కటిగా చదివితే మునిగిపోతారు. గుంపును చదవండి, గుంపుకు ఒక్క మందును ప్రతినిధిగా పెట్టుకోండి. "ప్రిల్" అంటే ఏసీఈ ఇన్హిబిటర్లు, "సార్టాన్" యాంజియోటెన్సిన్ రిసెప్టర్ బ్లాకర్లు, "స్టాటిన్" కొలెస్ట్రాల్ మందులు, "ప్రజోల్" కడుపులో ఆమ్లం తగ్గించేవి. అయితే చివరి అక్షరాలను గుడ్డిగా నమ్మకండి. ప్రొప్రనొలాల్ బీటా బ్లాకర్, ఆస్తమా ఉన్నవారిలో శ్వాసనాళాలను బిగించగలదు. సాల్బుటమాల్ కూడా "ఆల్"తోనే ముగుస్తుంది, అది అవే శ్వాసనాళాలను తెరిచే మందు. కార్డుకు ఒక వైపు మందు పేరు. రెండో వైపు ఏం చేస్తుంది, ఇచ్చేముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం గమనించాలి, ఎప్పుడు ఆపి అడగాలి, పేషెంటుకు ఏం చెప్పాలి. గుండె మందు డిగాక్సిన్ కార్డు మీద: పెద్దవారిలో ఎపికల్ పల్స్ (ఛాతీ మీద స్టెతస్కోపుతో వినే గుండె చప్పుడు) పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, 60 కన్నా తక్కువుంటే ఇవ్వకుండా తెలియజేయాలి, వాంతి, ఆకలి మందగించడం, పేషెంటుకు చూసేవన్నీ పసుపుపచ్చగా కనిపించడం విషప్రభావపు గుర్తులు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ కార్డు మీద: పొటాషియం పడిపోతుంది, మామూలుగా 3.5 నుంచి 5.0 ఉండాలి. ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెడితే పరీక్షలో అడిగే ప్రశ్న మీకే తడుతుంది. పొటాషియం తగ్గిన ఒంట్లో డిగాక్సిన్ మరింత విషమవుతుంది. విడివిడిగా చదివితే ఈ లంకె దొరకదు. రోజుకు ఐదు కొత్త కార్డులు చాలు, పది దాటితే పాతవి తిరగేయడానికి సమయం ఉండదు.

పదాల దగ్గర ఆగిపోతుంటే ఓ నలభై ముక్కలు ముందు నేర్చుకోండి. ముందు వచ్చేవి: హైపో, హైపర్, టాకీ, బ్రాడీ, డిస్. వెనక వచ్చేవి: ఐటిస్, ఎక్టమీ, ఆస్టమీ, పీనియా, యూరియా. ఒలిగ్యూరియా (మూత్రం తక్కువగా రావడం) చూసి నిఘంటువు తీయాల్సిన పని తప్పుతుంది. అంకెలు మాత్రం నేరుగా బట్టీయే, తప్పించుకోలేం: సోడియం 135 నుంచి 145, పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ పీడనం 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26. బాత్రూమ్ తలుపు మీద అంటించుకున్నా నవ్వేవాళ్లు లేరు.

వార్డును చదువుకు అడ్డంగా చూడకండి. ఈ రోజు చూసిన పేషెంటు జబ్బునే ఈ రాత్రి చదవండి, సిలబస్ వరుస కాస్త తప్పినా ఫర్వాలేదు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న మనిషి ముందుకు వంగి చేతులు ఆనించి కూర్చోవడం చూసి వచ్చాక ఆ పేజీ ఆరు నిమిషాలు పట్టదు. వాళ్ల చార్టులో ఉన్న ల్యాబ్ అంకెలను పుస్తకంలోని మామూలు అంకెలతో పోల్చి, ఏది ఎందుకు మారిందో కేర్ ప్లాన్‌లో ఒక వాక్యం రాయండి. మీ నోట్సులో పేషెంటు పేరు గానీ, పడక నంబరు గానీ ఉండకూడదు. డ్యూటీలో దొరికే పది నిమిషాల విరామంలో చాప్టర్ తెరవకండి, జేబులోని కార్డులు తీయండి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున కొత్త పాఠం అసలు వద్దు, ముందు పడుకోండి. చదివింది తలలో కుదురుకోవడానికి నిద్ర కావాలి. కళ్లు మూతలు పడుతూ చదివిన రెండు గంటలు లెక్కలోకి రావు.

వెనకబడ్డ నాలుగు చాప్టర్ల సంగతి. ఆగిపోయిన చోటి నుంచి మొదలుపెడితే ఎప్పటికీ ఈ వారాన్ని అందుకోలేరు. ఈ వారం పాఠంతోనే మొదలుపెట్టండి. పాతవాటికి రోజుకు అరగంట, అంతే. ఒక్కో చాప్టర్‌కు నాలుగు అరగంటలు: మొదటిది చివరి ప్రశ్నలూ శీర్షికలూ చూసి పేజీలను మూడు రకాలుగా విడగొట్టడానికి, రెండు నిదానంగా చదవాల్సిన ముఖ్య పేజీలకు, ఒకటి ఐదు గళ్ల కాగితానికి. వారానికి ఆరు రోజుల చొప్పున నాలుగు చాప్టర్లు మూడు వారాల్లోపే పూర్తవుతాయి. ఆ చాప్టర్లలో పూర్తి పట్టు రాదు, రావాలని పట్టుబట్టకండి కూడా. వాటిలో ఫ్లూయిడ్స్ చాప్టర్ ఉంటే దాన్ని మొదట తీయండి.

ప్రశ్నల పుస్తకాలు చివరి నెలకు దాచుకోవద్దు. చాప్టర్ అయిన మూడో రోజు పది ప్రశ్నలు చేయండి. తప్పు వచ్చినప్పుడు సరైన జవాబు చూసి ముందుకు పోకుండా, ఎందుకు తప్పిందో ఒక మాట రాయండి: తెలియక, ప్రశ్న సరిగా చదవక, లేక ఏది ముందు చేయాలో తేల్చుకోలేక. మూడో రకం తప్పులే ఎక్కువైతే మరిన్ని పేజీలు చదివి లాభం లేదు. ప్రశ్నలో "మొదట", "వెంటనే", "తప్ప" అన్న మాటల కింద గీత గీసి, నాలుగు జవాబులూ నిజమే అయినా ఏది ఆలస్యమైతే మనిషికి ప్రమాదమో చూడడం అలవాటు చేసుకోవాలి.

నలుగురు కలిసి చాప్టర్‌ను పంచుకుని నోట్సులు మార్చుకోవడం పైకి తెలివైన పనిలా కనిపిస్తుంది. మీ వంతు మీకు బాగా వస్తుంది, మిగతా ముప్పాతిక భాగం పరాయి చేతిరాతలా మిగులుతుంది. అందరూ చదివి వచ్చి, ఒక్కొక్కరు పది నిమిషాలు పుస్తకం లేకుండా చెబుతుంటే మిగతావాళ్లు "ఎందుకు?" అని ఆపడం దీనికన్నా మేలు. వీడియోలు మెకానిజం అర్థం కానప్పుడు మాత్రమే, ఒకటి చూసి ఆపండి.

సీనియర్ల దగ్గర పాత ఎడిషన్ తీసుకుంటే అనాటమీకి ఇబ్బంది లేదు. మందుల మోతాదులు, ఎమర్జెన్సీ పద్ధతులు మాత్రం కొత్త ఎడిషన్‌లోనే చూడండి. సీపీఆర్ మార్గదర్శకాల్లో 2010లో ఏ-బీ-సీ (శ్వాసమార్గం, శ్వాస, ఛాతీ నొక్కులు) వరుస సీ-ఏ-బీగా మారింది, ఛాతీ నొక్కులు ముందుకొచ్చాయి. అంతకుముందు అచ్చయిన పుస్తకం పట్టుకుని చదివినవారు పరీక్షలోనూ వార్డులోనూ తప్పు వరుసే చెబుతారు.

ఈ పద్ధతి నాలుగు వారాలు పాటించినా పేజీకి పదిహేను నిమిషాలు పడుతుంటే, లైన్లు కలిసిపోయి కనిపిస్తుంటే, అక్షరాలు తారుమారవుతుంటే ముందు కళ్లు చూపించుకోండి. కళ్లు బాగానే ఉన్నాయని తేలితే చదవడంలో ఇబ్బంది గురించి కాలేజీలో మీకు చనువున్న టీచర్‌తో మాట్లాడండి. పరీక్షలో అదనపు సమయం లాంటి వెసులుబాటు ఏదైనా ఉందేమో, దానికి ఏ కాగితాలు కావాలో పరీక్షలు దగ్గర పడకముందే కనుక్కోవాలి.